చెవి మాస్టారూ, ఇంటావిడ తలనొప్పీ

చెవి మాస్టారికి అసలు పేరంటూ ఒకటి ఉంది. దుకాణం బోర్డు మీద, ‘గిటారు యాంప్లిఫయర్లు బాగుచేయబడును’ అన్న పెద్ద అక్షరాల కింద సన్నగా రాసి కూడా ఉంది. కానీ అంత కిందిదాకా చదివే ఓపిక ఎవరికుంది? ఊళ్ళో గిటారు పట్టిన ప్రతి ఒక్కరికీ ఆయన చెవి మాస్టారే. కరెంటు బిల్లు తెచ్చే మనిషి కూడా గుమ్మంలోంచి ‘చెవి మాస్టారూ!’ అనే కేకేస్తాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. యాంప్లిఫయరు బాగుచెయ్యడం చాలామందికి వచ్చు. మీటరు పెట్టి చూస్తారు, పోయినదాన్ని పీకి కొత్తది టంకం వేస్తారు, స్పీకరు మోగగానే చేతులు దులుపుకుంటారు. మాస్టారి పని అక్కడ మొదలవుతుంది. వాయించినప్పుడు మోగడంలో గొప్పేముంది, వాయించనప్పుడు నోరుమూసుకుని ఉండాలి అంటాడాయన. అందుకని పని అయ్యాక గిటారు నుంచి పెట్టెకి వచ్చే తీగ ఊడదీసి, నాబులన్నీ పైకి తిప్పి, స్పీకరుకి ఎదురుగా స్టూలు వేసుకుని, కళ్ళు మూసుకుని గంటసేపు కూర్చుంటాడు. వెలిగే గాజు బుడ్డీల్లాంటి వాల్వులతో నడిచే యాంపు అన్నాక కాస్త ఊపిరి వినిపిస్తుంది. ప్రాణమున్న పెట్టె కదా, ఆ మాత్రం తప్పదు. ఊపిరికి మించి ఇంకేం వినిపించినా పెట్టె మళ్ళీ విప్పాల్సిందే. ఏమీ లేకపోతే చిన్న చీటీ మీద ‘విన్నాను, ఏమీ లేదు’ అని రాసి, సంతకం పెట్టి, పెట్టె పిడికి దారంతో కడతాడు. ఆ చీటీని వాద్యగాళ్ళు ఏళ్ళ తరబడి విప్పరు. చీటీ ఉన్న పెట్టె అంటే స్టూడియోవాళ్ళు మారుమాట్లాడకుండా లోపలికి రానిస్తారు.

దుకాణం ముందు గదిలో, కాపురం వెనక గదుల్లో. మధ్యలో ఒక్క గోడ. ఆ గోడకి అవతల ఇంటావిడ కుట్టుమిషను. ఊళ్ళోవాళ్ళ బట్టలు బిగించడం, వదులు చెయ్యడం ఆవిడ పని. మాస్టారు స్టూలెక్కి కళ్ళు మూసుకున్న క్షణాన అవతల మిషను కూడా ఆగిపోయేది. మాస్టారికి అదో గర్వం. వచ్చినవాళ్ళతో గొప్పగా చెప్పుకునేవాడు, ‘మా ఆవిడకి నా పనంటే అంత గౌరవం’ అని.

నలభై ఏళ్ళుగా గోలల మధ్య బతికినవాడు కాబట్టి, గోలలన్నిటికీ చుట్టరికాలు కలిపేశాడు. గుయ్యిమని ఎడతెరిపి లేకుండా వచ్చేది మామగారు. కరెంటు వైపు నుంచి వస్తాడు, కుర్చీలో కూర్చున్నాడంటే ఇక లేవడు. చిటపటలాడేది మేనల్లుడు. ఎవరూ చూడనప్పుడు అల్లరి చేస్తాడు, పెట్టె విప్పి చూస్తే చేతులు కట్టుకుని బుద్ధిగా ఉంటాడు. ఎర్తు తీగలు రెండు దారుల్లో వెళ్ళి పోట్లాడుకుంటే తోడికోడళ్ళు; ఎవర్నో ఒకర్ని వేరు పెడితే గానీ ఇల్లు సద్దుమణగదు. సన్నగా, సూదిలా కీచుమనేదానికి మాత్రం ఇంటావిడే పేరు పెట్టింది: ఆడపడుచు. మాస్టారికి ఒక్కతే చెల్లెలు. ఆ పేరు వెనక కథేమిటో అడిగే ధైర్యం ఆయనకి ఇప్పటికీ లేదు.

ఈ చుట్టాలందర్నీ పట్టుకోవడానికి ఆయన దగ్గరున్న ఆయుధం ఒక చెక్క గరిటె కాడ. పెళ్ళయిన మొదటి ఏడాది వంటింట్లోంచి పట్టుకొచ్చి, గరిటె భాగం రంపంతో కోసేశాడు. వాల్వుల పెట్టెలో వందల వోల్టులుంటాయి, వేలు పెట్టామా ఇక అంతే. ఎండిన కర్ర అయితే ఫర్వాలేదు. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, కుడి చేత్తో ఆ కాడ పట్టుకుని, ఒక్కొక్క వాల్వునీ, ఒక్కొక్క తీగనీ టక్‌టక్‌మని తట్టుకుంటూ పోతే, తప్పు చేసినది తనంతట తనే అరుస్తుంది. తెర మీద గీతలు చూపించే మిషను కొనుక్కోమని చాలామంది చెప్పారు. ‘వినాల్సినదాన్ని చూడ్డమేమిటి?’ అని కొట్టిపారేశాడు. ఇంటావిడ మాత్రం ఈనాటికీ ఏ కూర కలుపుతున్నా ‘నా గరిటె’ అని ఓసారి గుర్తుచేస్తుంది.

ఆవిడకి ఒకటే జబ్బు, తలనొప్పి. అదీ ఎప్పుడూ కాదు. మాస్టారు స్టూలు దిగి చీటీ రాయబోతుండగా, ఎప్పుడో ఓసారి, గుమ్మంలోకి వచ్చి కణతలు నొక్కుకుంటూ నిలబడేది. "ఏవండీ, ఆ పెట్టెతో నాకు తల పగిలిపోతోంది, ఇంకోసారి చూడండి" అనేది. మాస్టారికి ఒళ్ళు మండేది. ‘నీ తలకీ నా పెట్టెకీ సంబంధమేమిటి’ అని గొణుక్కుంటూనే మళ్ళీ విప్పేవాడు. ఎక్కడో ఒక వాల్వు మీద అనుమానం వచ్చి మార్చేవాడు, లేదా ఏ తీగనో పక్కకి జరిపేవాడు. ఇంటావిడ వెంటనే తేరుకునేది. పనుల పుస్తకంలో సరదాగా రాసుకునేవాడు: ‘ఇంటావిడ తలనొప్పి. మళ్ళీ విప్పాను. తగ్గింది.’

ఈసారి ఆవిడ ఊళ్ళో లేదు. వాళ్ళక్కకి మోకాలి ఆపరేషనైతే సాయానికి వెళ్ళి పదకొండు రోజులైంది. సరిగ్గా అప్పుడే గిటారు టీచరమ్మ వచ్చింది.

ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. పగలు బళ్ళో పిల్లలకి గిటారు నేర్పుతుంది, సాయంత్రాలు తన కోసం వాయించుకుంటుంది. చక్రాల బండి మీద పెట్టెని కట్టుకుని, మూడు మెట్లూ వెనక్కి నడుస్తూ లాక్కొచ్చింది. శుక్రవారం పదింటికి స్టూడియోలో తన మొదటి రికార్డింగు. ఎనిమిది నెలలు ఎదురుచూస్తే ఒక్క రోజు దొరికింది. పెట్టె చూస్తే గుయ్యిమంటోంది. మాస్టారు వెనక పలక విప్పకుండానే "మామగారు దిగారు" అన్నాడు. కరెంటుని చదును చేసే పాత కండెన్సర్లు ఎండిపోయాయి. వాటిని మార్చాడు. లోపల తీగలన్నీ చిందరవందరగా ఉంటే చూడలేక, వరసగా సర్ది, మైనపు దారంతో జడలా కట్టాడు కూడా. ఎవరూ చూడని చోట కూడా అందంగా ఉండాలన్నది ఆయన యావ. స్టూలెక్కి గంటసేపు కూర్చున్నాడు. మామగారు వెళ్ళిపోయారు. సంతకం పెట్టేశాడు.

మర్నాడు సాయంత్రం చక్రాల బండి మళ్ళీ మెట్లెక్కింది.

"మాస్టారూ, గుయ్యి పోయింది. కానీ సన్నగా కీచుమంటోంది. ఇదివరకు ఇది లేదు."

"నేను గంటసేపు విన్నానమ్మా, ఏమీ లేదు. మీ ఇంట్లో ఏ లైటో అల్లరి చేస్తుంటుంది."

ఆమె పెట్టెని మళ్ళీ బండికి కట్టింది. మాస్టారే స్వయంగా వాళ్ళింటికి వెళ్ళాడు. ఆ గదిలో వెలుతురు పెంచే, తగ్గించే గుండ్రటి స్విచ్చొకటి కనబడింది. దొంగ దొరికాడన్నంత ఉత్సాహంతో అది ఆపించాడు. "ఇంకా ఉంది మాస్టారూ" అంది టీచరమ్మ. ఫ్రిజ్ ఆపించాడు, పక్క గదిలో కంప్యూటరు ఆపించాడు, ఆఖరికి ఆమె చేతి గడియారం కూడా విప్పించాడు. ఇంకా ఉందంది. మాస్టారికి కోపం నషాళానికి అంటింది. పెట్టెని తిరిగి దుకాణానికి తెప్పించాడు.

బుధవారం మధ్యాహ్నం ఇద్దరూ దాని ముందు కూర్చున్నారు. ఆమె చెయ్యి జాపి, సన్నటి శబ్దాలని పెంచే నాబు పైకంటా తిప్పింది.

"ఇప్పుడు?"

"ఏం లేదమ్మా."

పూర్తిగా కిందికి తిప్పింది. "ఇప్పుడు?"

"అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. రెండిటికీ తేడా ఏముంది?"

అని తిరిగి చూసేసరికి, నాబు మళ్ళీ పైకి తిప్పిన ఆ అమ్మాయి రెండో చెయ్యి చెవి మీద ఉంది. మొహం చిట్లించుకుని ఉంది. మాస్టారు చూడగానే ఆ చెయ్యి మెల్లగా కిందికి దించేసింది.

"ఫర్వాలేదు మాస్టారూ" అంది. "నా చెవులదే తప్పేమో. పిల్లల వాయింపు వినీ వినీ పాడైపోయుంటాయి. శుక్రవారానికి వేరే యాంపు ఏదైనా చూసుకుంటాలెండి."

నలభై ఏళ్ళలో మాస్టారితో పోట్లాడినవాళ్ళున్నారు, పెట్టె పాడుచేశావని తిట్టినవాళ్ళున్నారు. జాలిపడినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. అది తట్టుకోలేకపోయాడు.

"రేపు సాయంత్రం రా అమ్మా" అన్నాడు. "అప్పటికీ నేను దాన్ని పట్టుకోలేకపోతే ఆ బోర్డు దించేస్తాను. ఊరికే అనడం లేదు."

ఆమె వెళ్ళగానే తలుపు గడియ వేశాడు. అలమరలోంచి పాత టోను పెట్టె తీశాడు. డయలు తిప్పితే లావు నుంచి సన్నానికి ఎంత శబ్దం కావాలంటే అంత పలుకుతుంది. స్పీకరుకి కలిపి, పక్కనే మీటరు పెట్టాడు. డయలు మీద వెయ్యి అంకె దగ్గర బాగా వినబడింది. రెండు వేలు, మూడు వేలు, ఫర్వాలేదు. నాలుగు వేల దగ్గర ఎవరో పక్కింట్లోంచి పిలుస్తున్నట్టుంది. అయిదు వేలు దాటాక ఏమీ లేదు. మీటరు ముల్లు మాత్రం కదలకుండా అక్కడే నిలబడి ఉంది. శబ్దం వస్తూనే ఉంది, ఆయనకే అందడం లేదు. డయలు చివరిదాకా తిప్పాడు, వెనక్కి తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. చెవి పోయాక చెవి మాస్టారు ఎవరు? ఎవరూ కాదు.

రేపటిదాకా ఆగడం దేనికనిపించింది. స్క్రూడ్రైవరు పట్టుకుని బయటికెళ్ళి, నిచ్చెనెక్కి, బోర్డుకున్న నాలుగు స్క్రూల్లో రెండు ఊడదీశాడు. బోర్డు ఓ పక్కకి ఒరిగిపోయింది. మూడోది తుప్పు పట్టి కదల్లేదు. దాన్ని నాలుగు తిట్లు తిట్టి, దిగి లోపలికొచ్చాడు.

ఆ అమ్మాయి పని ఎలాగైనా చెయ్యాలన్న పట్టుదల మాత్రం పోలేదు. ఇదివరకు ఆడపడుచు ఏయే పెట్టెల్లో దిగింది, ఎక్కడ దొరికింది చూద్దామని పనుల పుస్తకం తీశాడు. పాత పేజీల్లో అన్నీ తను పట్టుకున్నవే. ఫలానా వాల్వు, ఫలానా తీగ. ఈ మధ్య నాలుగేళ్ళ పేజీలకి వచ్చేసరికి ఆయన వేలు ఆగింది. ‘ఇంటావిడ తలనొప్పి. మళ్ళీ విప్పాను. మొదటి వాల్వు.’ ఇంకో పేజీలో, ‘ఇంటావిడ తలనొప్పి. తీగ జరిపాను.’ ఇంకోటి. ఇంకోటి. లెక్కపెట్టాడు. పంతొమ్మిది తలనొప్పులు, పంతొమ్మిది కీచులు. తలనొప్పి వచ్చి పెట్టెలో తప్పు లేకపోవడమన్నది ఒక్కసారి కూడా జరగలేదు. తనంతట తను పట్టుకున్న కీచు ఆ నాలుగేళ్ళలో ఒక్కటీ లేదు.

తను స్టూలెక్కినప్పుడల్లా గోడకవతల ఎందుకు మిషను ఆగేదో మాస్టారికి అప్పుడర్థమైంది.

ఫోను తీసి ఇంటావిడకి కలిపాడు.

"ఏమోయ్, అక్కకెలా ఉంది?"

"కర్ర పట్టుకుని నడుస్తోంది. మీరు భోంచేశారా?"

"చేశాలే. నీ తలనొప్పి ఎలా ఉంది?"

అవతల తలుపు దగ్గరికి వేసిన చప్పుడు వినబడింది.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు మాస్టారు.

"మీ చేతి గడియారం అలారం కొట్టుకుని కొట్టుకుని దానంతటదే ఆగిపోయిందే, ఆ రోజునుంచి. మీ చేతికే ఉంది, మీరు పేపరు చదువుకుంటున్నారు."

"నాతో ఒక్క ముక్క అనొచ్చుగా!"

"అంటే ఆ పూటే దుకాణం మూసేస్తారు. మూసేసి రోజంతా నా మిషను పక్కన కూర్చుని, ఆ చక్రానికి నూనె వెయ్యి, ఈ మరకి నూనె వెయ్యి అంటారు. నేను తట్టుకోలేనండీ." ఆవిడ నవ్వబోయి ఆపేసింది. "అదొక్కటే కాదులెండి. మీరా స్టూలు మీద కూర్చున్నప్పుడు ఎలా ఉంటారో మీకు తెలీదు. నాకు తెలుసు."

మాస్టారికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఫోనుని తీసుకెళ్ళి స్పీకరుకి ఎదురుగా పెట్టాడు. "విను, ఉందా?" అని అరిచాడు. ఎంత చెవి ఒగ్గినా ఫోన్లో ఆవిడకి ఏమీ వినబడలేదు. అంత సన్నటి గొంతు ఫోను మొయ్యదని మాస్టారికి తెలిసిన సంగతే. కంగారులో మర్చిపోయాడు.

"రేపు పొద్దున్న బస్సుకి వస్తున్నా" అంది ఆవిడ.

"మరి అక్కో?"

"అక్క నడుస్తోందని చెప్పానుగా. ఇప్పుడు కూలబడింది మీరు."

గురువారం మధ్యాహ్నం సంచీ భుజానికేసుకుని వీధి మలుపు తిరిగిన ఇంటావిడ, ఇంట్లోకి రాకుండా బయటే నిలబడిపోయింది.

"ఈ బోర్డుకేమైంది?"

"స్క్రూలు వదులయ్యాయి" అన్నాడు మాస్టారు నేల చూపులు చూస్తూ.

"బిగించండి."

"ముందా పెట్టె సంగతి తేలనీ. తేలకపోతే ఎలాగూ..."

"ముందు అవి బిగించండి, అప్పుడే లోపలికొస్తా" అని నిచ్చెన పట్టుకుని నిలబడింది. మాస్టారు నిచ్చెనెక్కాడు. ఊడదీసిన రెండు స్క్రూలూ జేబులోనే ఉన్నాయి.

తన మిషను ముందుండే స్టూలు తెచ్చుకుని, పెళ్ళయ్యాక మొదటిసారి గోడకి ఇవతలి వైపు కూర్చుంది ఇంటావిడ. వెనక పలక విప్పాక లోపల వెలుగుతున్న వాల్వుల్నీ, మాస్టారు జడలా కట్టిన తీగల్నీ చూసి "నా జడ ఒక్కరోజైనా ఇంత బాగా వేశారా?" అంది. మాస్టారు నాబులన్నీ పైకి తిప్పాడు. తిప్పీ తిప్పగానే ఆవిడ కణత పట్టుకుంది.

"ఉందా?"

"ఉండకేం. మీ చెల్లెలు దిగింది. మీకు వినబడదు, నాకు వినబడుతుంది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇంతే కదా!"

అంత బాధలోనూ మాస్టారికి నవ్వొచ్చింది. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని కాడ అందుకున్నాడు. మొదటి వాల్వుని తట్టాడు. "ఊఁహూఁ, అలాగే ఉంది." రెండోది. "మారలేదు." మూడోది, నాలుగోది. ఒక్కొక్క కండెన్సరు, ఒక్కొక్క టంకం చుక్క. కొట్టడం ఆయన వంతు, చెప్పడం ఆవిడ వంతు. అరగంట గడిచింది. వాల్వులన్నీ బుద్ధిగానే ఉన్నాయి. మాస్టారి నుదుటి మీద చెమట పట్టింది. టీచరమ్మ వచ్చే వేళవుతోంది.

కాడ కొనతో ఆ తీగల జడని ఊరికే పక్కకి నెట్టాడు.

"ఆఁ!" అంది ఇంటావిడ. "ఆగింది!"

వదిలాడు.

"మళ్ళీ వచ్చింది."

నెట్టాడు. "పోయింది." మాస్టారికి విషయం బోధపడింది. స్పీకరు వైపు వెళ్ళే తీగని, గిటారు వైపు నుంచి వచ్చే తీగతో కలిపి అందంగా జడ కట్టింది తనే. లోపలికొచ్చేదీ బయటికెళ్ళేదీ ఒకదాని చెవిలో ఒకటి గుసగుసలాడుకుంటే కీచు పుట్టకేం చేస్తుంది? పాత చిందరవందరలో అవి ఎడంగా ఉండేవి. ఇదివరకు ఇది లేదని టీచరమ్మ మొదటిరోజే చెప్పింది. తనే వినిపించుకోలేదు. ఆ మాట వినడానికి సన్నటి చెవులు కూడా అక్కర్లేదు.

కరెంటు తీసి, లోపల మిగిలిన కరెంటు చల్లారేదాకా ఆగి, దారం కత్తిరించాడు. రెండు తీగల్నీ చెరో మూలకి పంపాడు. చూడ్డానికి అసహ్యంగానే ఉంది. ఉండనీ అనుకున్నాడు. పలక బిగించి, నాబులు పైకి తిప్పి, రెండు స్టూళ్ళూ స్పీకరుకి ఎదురుగా పక్కపక్కన వేశాడు.

అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాడు. పెట్టె ఊపిరి వినిపించింది, అంతే. దాని వెనకాల ఏమున్నా ఇక తన చెవికి అందదు. కళ్ళు తెరిచి, పక్కకి తిరిగి ఇంటావిడ మొహం వైపు చూడడం మొదలుపెట్టాడు. కనుబొమల మధ్య గీత పడుతుందా, కంటి కొస ముడుచుకుంటుందా, చెయ్యి కణత మీదికి వెళుతుందా అని రెప్ప వెయ్యకుండా చూశాడు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆ మొహాన్ని అంతసేపు చూసి ఉండడు. ఎప్పుడు వచ్చిందో, ఎడమ కంటి పక్కన చిన్న మచ్చ ఉంది. కింది పెదవి కాస్త లోపలికి పట్టుకుని వింటోంది. నాలుగేళ్ళు గోడకవతల ఇలాగే విని ఉంటుంది.

"ఏంటండీ అలా చూస్తున్నారు?" అంది ఆవిడ కాస్త సిగ్గుపడి.

"వింటున్నాను" అన్నాడు మాస్టారు.

బయట మెట్ల మీద చక్రాల బండి చప్పుడైంది. గంట పూర్తి కావడానికి ఇంకా రెండు నిమిషాలున్నాయి. ఇద్దరూ లేవలేదు. ఆ రెండు నిమిషాలూ అయ్యాక ఇంటావిడ బల్ల మీద చీటీని ఆయన ముందుకి జరిపింది.

"తలనొప్పి లేదు. సంతకం పెట్టండి."